విలువ డ్రైవరు దాకా చేరిందా? బూట్ వేళ లైనక్స్ మాడ్యూళ్లకు పారామీటర్లు పంపడం

(ఇంజనీరింగ్ విద్యార్థులు, సిస్టమ్ అడ్మిన్ల ముందు చేసిన ప్రసంగం. శ్రోతల ప్రశ్నలు కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఈ వరసలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

లైనక్స్ వాడేవాళ్లందరికీ ఏదో ఒక రోజు ఈ అవసరం పడుతుంది. ల్యాప్‌టాప్ తెర మిణుకుమిణుకుమంటుంది. పాట ఆగిన కాసేపటికి స్పీకర్లో ‘టప్’మని చప్పుడు వస్తుంది. పని మధ్యలో ఎస్‌ఎస్‌డీ మాయమై ఫైల్‌సిస్టమ్ మొత్తం రీడ్-ఓన్లీ అయిపోతుంది. వెతికితే ఎక్కడో ఒక వరస దొరుకుతుంది, ‘ఇది గ్రబ్‌లో పెట్టి రీబూట్ చెయ్యండి’ అని. గ్రబ్ అంటే కంప్యూటర్ ఆన్ కాగానే లైనక్స్‌ను లేపే ప్రోగ్రామ్. పెడతాం. పనిచేస్తే సరే. చెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదో తెలియదు కాబట్టి ఇంకో వరస తెచ్చి దాని పక్కన అతికిస్తాం. ఏడాది తిరిగేసరికి ఆ మెషీన్ కమాండ్ లైన్ నిండా ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలియని మాటలే ఉంటాయి. తీసేద్దామంటే భయం.

ఈ అలవాటు పోవాలన్నదే నా కోరిక. పారామీటర్, అంటే డ్రైవరుకు మనం ఇచ్చే సెట్టింగ్, పనిచెయ్యలేదంటే చాలాసార్లు ఆ విలువలో తప్పేమీ ఉండదు. అది డ్రైవరు దాకా చేరి ఉండదు, అంతే. చేరిందో లేదో చూసుకునే ఏర్పాటు కెర్నెల్లోనే ఉంది. దాన్ని వాడడం రెండు నిమిషాల పని.

మొదట అడగాల్సిన ప్రశ్న ‘ఏ విలువ ఇవ్వాలి’ అని కాదు. ‘ఈ డ్రైవరు ఎక్కడుంది’ అని. డ్రైవరు మూడు చోట్ల ఉండొచ్చు. కెర్నెల్ ఇమేజ్‌లోనే కలిసిపోయి ఉండొచ్చు, దాన్ని బిల్ట్-ఇన్ అంటాం. విడి మాడ్యూల్‌గా, అంటే అవసరమైనప్పుడు కెర్నెల్లోకి లోడ్ చేసుకునే ఫైలుగా, డిస్క్ మీద ఉండొచ్చు. లేదా విడి మాడ్యూలే, కానీ దాని నకలు ఒకటి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్‌లో, కూడా ఉండి, అసలు డిస్క్ ఇంకా కనపడకముందే అక్కడి నుంచి లోడ్ అయిపోవచ్చు. ఎక్కువమంది చిక్కుకునేది ఈ మూడోదాంట్లోనే. దాని దగ్గర కాసేపు ఆగుదాం.

ముందు బిల్ట్-ఇన్ సంగతి. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే బూట్‌లోడర్, మన మెషీన్లలో ఎక్కువగా గ్రబ్, కెర్నెల్‌నూ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌నూ మెమరీలో పెట్టి, వాటితో పాటు ఒక అక్షరాల వరసను కూడా అందిస్తుంది. అదే కెర్నెల్ కమాండ్ లైన్. ఎక్స్86 మెషీన్లలో దానికి 2048 బైట్ల పరిమితి ఉంది. కెర్నెల్ లేచిన కొద్ది క్షణాల్లోనే ఆ వరసను మాట మాటగా విడదీసి చదువుతుంది. ఆ దశలో ఫైళ్లు లేవు, ఈటీసీ డైరెక్టరీ లేదు, మాడ్యూళ్లను లోడ్ చేసే మాడ్‌ప్రోబ్ అనే ప్రోగ్రామే లేదు. కాబట్టి బిల్ట్-ఇన్ డ్రైవరుకు బూట్ వేళ మాట చెప్పాలంటే కమాండ్ లైన్ ఒక్కటే దారి. మాడ్‌ప్రోబ్.డి డైరెక్టరీలో మీరు ఎంత చక్కగా ఫైలు రాసినా దాన్ని చదివేవాళ్లు లేరు. బిల్ట్-ఇన్ డ్రైవరును మాడ్‌ప్రోబ్ లోడ్ చెయ్యదు కదా.

రాసే పద్ధతి తేలిక. మాడ్యూల్ పేరు, చుక్క, పారామీటర్ పేరు, ఈక్వల్ గుర్తు, విలువ. మధ్యలో ఖాళీ ఉండకూడదు. యూఎస్‌బీ పరికరాలు కాసేపు ఊరుకుంటే నిద్రపోకుండా ఉండాలనుకోండి. యూఎస్‌బీకోర్.ఆటోసస్పెండ్=-1 అని రాస్తాం. ఆ పారామీటర్ మామూలు విలువ 2 సెకన్లు. మైనస్ ఒకటి అంటే అసలు నిద్రపుచ్చొద్దని. విలువలోనే ఖాళీ రావాల్సి ఉంటే డబుల్ కోట్స్‌లో పెట్టాలి. ఒకటి కంటే ఎక్కువ విలువలు తీసుకునే పారామీటర్లకు కామాలు పెట్టాలి, కామా తర్వాత కూడా ఖాళీ వదలకూడదు. పేర్లలో హైఫన్ పెట్టినా అండర్‌స్కోర్ పెట్టినా ఒకటే. సౌండ్ డ్రైవరు పేరు ఎస్‌ఎన్‌డీ-హెచ్‌డీఏ-ఇంటెల్ అన్నా, ఎస్‌ఎన్‌డీ_హెచ్‌డీఏ_ఇంటెల్ అన్నా కెర్నెల్‌కు తేడా లేదు. దీని మీద గంటలు పోగొట్టుకునేవాళ్లను చూస్తుంటాను, అందుకే చెబుతున్నాను.

ఈ చుక్క పద్ధతి మొదటి నుంచీ లేదు. 2.4 కెర్నెళ్ల కాలంలో ఒకే డ్రైవరు మాడ్యూల్‌గా ఉంటే ఒక పద్ధతి, కెర్నెల్లో కలిసిపోతే ఇంకో పద్ధతి. డ్రైవరు రాసేవాళ్లు రెండింటికీ విడివిడిగా కోడ్ రాయాలి. చాలామంది ఒకటే రాసి వదిలేసేవాళ్లు. 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కోసం కెర్నెల్ డెవలపర్ రస్టీ రస్సెల్ మాడ్యూల్ లోడరును తిరగరాశారు. ఆ పనిలోనే మాడ్యూల్_పారామ్ అనే మాక్రో వచ్చింది. డ్రైవరులో ఒక్కసారి దాన్ని రాస్తే చాలు. మాడ్యూల్‌గా కంపైల్ చేస్తే పారామీటర్‌కు ఉత్త పేరే ఉంటుంది. కెర్నెల్లో కలిపి కంపైల్ చేస్తే దానంతటదే ముందు మాడ్యూల్ పేరు, చుక్క చేరతాయి. ఇరవై ఏళ్లు దాటినా మనం రోజూ వాడుతున్నది ఆ ఏర్పాటునే. నాకు కెర్నెల్ కోడ్‌లో ఎంతో ఇష్టమైన చోట్లలో ఇదొకటి. కెర్నెల్ డైరెక్టరీలో పారామ్స్.సీ అనే ఫైలుంది. పెద్దదేమీ కాదు, సీ భాష తెలిస్తే చదవగలరు. విద్యార్థులు దయచేసి తెరిచి చూడండి.

ఇప్పుడు విడి మాడ్యూల్. దీనికి రెండు దార్లు. మొదటిది ఈటీసీ కింద మాడ్‌ప్రోబ్.డి డైరెక్టరీ. అందులో ఒక ఫైలు పెట్టి, ఆప్షన్స్ అనే మాట, మాడ్యూల్ పేరు, పారామీటర్, విలువ రాయాలి. ఇక్కడ చుక్క ఉండదు, ఖాళీ ఉంటుంది. ఫైలు పేరు .కాన్ఫ్ తో ముగియాలి, లేకపోతే మాడ్‌ప్రోబ్ దాన్ని చదవదు. రెండో దారి మళ్లీ కమాండ్ లైనే. ఇది చాలామందికి తెలియదు. మాడ్‌ప్రోబ్ ఒక మాడ్యూల్‌ను లోడ్ చేసేటప్పుడు ప్రాక్ కింద సీఎండీలైన్ అనే ఫైలును కూడా చదువుతుంది. అందులో ఆ మాడ్యూల్ పేరుతో, చుక్కతో ఉన్నవాటిని ఏరుకుని మాడ్యూల్‌కు అందిస్తుంది. హార్డ్‌వేర్ కనబడగానే డ్రైవర్లను పిలిచే యూడెవ్ తనంతట తాను లోడ్ చేసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. మాడ్యూల్ ఫైలును నేరుగా లోడ్ చేసే ఇన్స్‌మాడ్ మాత్రం ఇవేవీ చూడదు. దానికి మీరు చేత్తో టైప్ చేసినదే వేదం.

*శ్రోత: సార్, అలాగైతే ఎప్పుడూ కమాండ్ లైన్‌లోనే పెట్టేయొచ్చు కదా? రెండు రకాలకూ పనిచేస్తుంది.*

పెట్టొచ్చు బాబూ. డ్రైవరు ఎక్కడుందో తెలియనప్పుడు నేనూ అక్కడే పెట్టి చూడమంటాను. ముందు ఒక్క బూట్ వరకే పరీక్షించి చూడాలంటే అంతకంటే మంచి చోటు లేదు. గ్రబ్ మెనూలో కీబోర్డు మీద ఇంగ్లిషు ‘ఈ’ అక్షరం నొక్కితే ఎడిటర్ వస్తుంది. లైనక్స్ అనే మాటతో మొదలయ్యే వరస చివర మీ పారామీటర్ చేర్చి కంట్రోల్-ఎక్స్ నొక్కండి. అది ఆ బూట్‌కే వర్తిస్తుంది. తేడా వచ్చిందా, పవర్ బటన్ నొక్కి మళ్లీ ఆన్ చేస్తే పాత స్థితి వచ్చేస్తుంది. శాశ్వతంగా ఉంచాలనుకున్నవాటి సంగతి వేరు. మాడ్‌ప్రోబ్.డి ఫైలులో పైన ఒక కామెంట్ రాసుకోవచ్చు, ఎందుకు పెట్టామో, ఏ తేదీన పెట్టామో. కమాండ్ లైన్‌లో ఆ వీలు లేదు. మీ తర్వాత ఆ సర్వర్ చూసుకునే మనిషికి ఆ కామెంట్ ఎంత మేలు చేస్తుందో ఇక్కడున్న అడ్మిన్లకు నేను చెప్పక్కర్లేదు.

గ్రబ్‌లో శాశ్వతంగా పెట్టాలంటే ఈటీసీ కింద డిఫాల్ట్ డైరెక్టరీలో గ్రబ్ అనే ఫైలు. డెబియన్, ఉబుంటుల్లో అది మార్చాక అప్‌డేట్-గ్రబ్ నడపాలి. ఫెడోరాలో గ్రబ్బీ అనే సాధనం ఉంది. రాస్ప్‌బెర్రీ పైలో సీఎండీలైన్.టీఎక్స్‌టీ అనే ఫైలు, అందులో అంతా ఒకే వరసలో ఉండాలి, ఎంటర్ కొట్టకూడదు. మిగతా బూట్‌లోడర్ల వివరాలు వాటి డాక్యుమెంటేషన్‌లో ఉన్నాయి, ఇక్కడ సమయం తీసుకోను.

అసలు చిక్కుకు వద్దాం. ఎన్‌వీఎమ్‌ఈ ఎస్‌ఎస్‌డీ ఉదాహరణ తీసుకుంటాను. ఈ డ్రైవులకు కరెంటు పొదుపు చేసే స్థితులు కొన్ని ఉంటాయి. పని లేనప్పుడు డ్రైవ్ తనంతట తాను ఆ స్థితుల్లోకి జారుకుంటుంది. దీన్ని ఏపీఎస్‌టీ అంటారు. కొన్ని డ్రైవులు కొన్ని మదర్‌బోర్డుల మీద లోతైన నిద్రలోకి వెళ్లి మళ్లీ లేవవు. అప్పుడు కంట్రోలర్ పలకడం లేదని లాగ్‌లో పడుతుంది, రూట్ ఫైల్‌సిస్టమ్ పోతుంది. దీనికి వాడే పారామీటర్ ఎన్‌వీఎమ్‌ఈ_కోర్ మాడ్యూల్లో డిఫాల్ట్_పీఎస్_మ్యాక్స్_లేటెన్సీ_యూఎస్. ఒక నిద్ర స్థితిలోంచి బయటికి రావడానికి గరిష్ఠంగా ఎన్ని మైక్రోసెకన్ల ఆలస్యాన్ని సహించాలో అది చెబుతుంది. మామూలు విలువ 100000, అంటే 100 మిల్లీసెకన్లు. సున్నా ఇస్తే ఏపీఎస్‌టీ పూర్తిగా ఆగిపోతుంది. బ్యాటరీ కాస్త ఎక్కువ ఖర్చవుతుంది, డేటా మాత్రం దక్కుతుంది.

డెబియన్‌లో ఇది విడి మాడ్యూల్. కాబట్టి మాడ్‌ప్రోబ్.డిలో ఒక ఫైలు రాసి, విలువ సున్నా పెట్టి, రీబూట్ చేశారనుకోండి. లేచాక చూస్తే విలువ ఇంకా 100000 గానే ఉంటుంది. ఫైలు సరిగ్గానే ఉంది, అక్షరం తప్పు లేదు. మరి ఏం జరిగింది? మీ రూట్ డిస్క్ ఆ ఎస్‌ఎస్‌డీ మీదే ఉంది. ఆ డిస్క్‌ను చదవాలంటే ముందు ఆ డ్రైవరు లోడ్ కావాలి. మీ ఫైలేమో ఆ డిస్క్ లోపల ఉంది. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టు. అందుకే ఆ మాడ్యూల్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోంచి లోడ్ అవుతుంది. అక్కడ మాడ్‌ప్రోబ్ చదివేది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారైన రోజున అందులోకి కాపీ అయిన మాడ్‌ప్రోబ్.డిని. ఈ రోజు మీరు రాసిన ఫైలు అందులో లేదు. తర్వాత అసలు డిస్క్ మౌంట్ అయ్యేసరికి మాడ్యూల్ ఎప్పుడో లోడ్ అయిపోయింది, మళ్లీ లోడ్ కాదు.

మందు తెలిస్తే చిన్నదే. ఫైలు రాశాక ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను తిరిగి తయారుచెయ్యాలి. డెబియన్, ఉబుంటుల్లో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ. ఫెడోరా వైపు డ్రాకట్ -ఎఫ్. ఆర్చ్‌లో ఎమ్‌కేఇనిట్‌సీపీఐఓ -పీ, ఇక్కడ ‘పీ’ పెద్దక్షరం. ఏయే ఫైళ్లు లోపలికి వెళ్లాయో చూడాలంటే డెబియన్‌లో ఎల్‌ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, డ్రాకట్ ఉన్నచోట ఎల్‌ఎస్‌ఇనిట్‌ఆర్‌డీ. గ్రాఫిక్స్ డ్రైవర్లు, డిస్క్ డ్రైవర్లు, రూట్ జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్ మీద ఉంటే దాని మాడ్యూల్, ఇవన్నీ ఈ కోవలోకి వస్తాయి. డ్రైవర్లను బ్లాక్‌లిస్ట్ చేసినప్పుడు కూడా ఇదే కథ. ‘బ్లాక్‌లిస్ట్ చేశాను, అయినా వస్తోంది’ అని ఎవరైనా అంటే నా మొదటి ప్రశ్న, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తిరిగి తయారుచేశారా అని. రెండో ప్రశ్న, వేరే మాడ్యూల్ ఏదైనా దాన్ని లాక్కొస్తోందా అని. ఎందుకంటే బ్లాక్‌లిస్ట్ అనే మాట హార్డ్‌వేర్ కనబడగానే తనంతట తాను లోడ్ కావడాన్నే ఆపుతుంది. ఇంకో మాడ్యూల్‌కు అది అవసరమైతే, లేదా ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే, వచ్చేస్తుంది.

*శ్రోత: అన్నా, డ్రైవరు బిల్ట్-ఇన్నా, మాడ్యూలా అన్నది ఎలా తెలుస్తుంది?*

మాడ్‌ఇన్ఫో అని కొట్టి మాడ్యూల్ పేరు ఇవ్వండి. ఫైల్‌నేమ్ అన్నచోట ఫైలు దారి కనిపిస్తే విడి మాడ్యూల్. బ్రాకెట్లలో బిల్ట్-ఇన్ అని కనిపిస్తే కెర్నెల్లోనే ఉన్నట్టు. అదే ఆదేశానికి -పీ చేర్చితే ఆ డ్రైవరు ఏయే పారామీటర్లు తీసుకుంటుందో, వాటి రకమేమిటో, రాసినవాళ్లు ఇచ్చిన చిన్న వివరణతో సహా వస్తుంది. ఇంటర్నెట్‌లో వెతకడానికి ముందు ఇది చూడండి. అక్కడ దొరికే సలహా ఎప్పటి కెర్నెల్‌దో తెలియదు. మాడ్‌ఇన్ఫో చెప్పేది మీ మెషీన్ మీద ఉన్న దాని గురించే.

తర్వాత చేరిందో లేదో చూసుకోవడం. సిస్ డైరెక్టరీ కింద మాడ్యూల్, దాని కింద మీ మాడ్యూల్ పేరు, దాని కింద పారామీటర్స్. అక్కడ ఒక్కో పారామీటర్‌కు ఒక్కో ఫైలు. క్యాట్ చేస్తే డ్రైవరు దగ్గర ఇప్పుడున్న విలువ కనబడుతుంది. బిల్ట్-ఇన్ డ్రైవర్లకు కూడా ఇది ఉంటుంది. అన్ని పారామీటర్లూ కనబడవు. డ్రైవరు రాసినవాళ్లు అనుమతిని సున్నా పెడితే ఫైలే ఉండదు. 0444 అయితే చదవొచ్చు, 0644 అయితే రూట్ యూజర్ మార్చొచ్చు కూడా.

ఈ మార్చడం దగ్గర ఒక మాయ ఉంది. విలువను ఎకో చేసి మార్చారు, క్యాట్ చేస్తే కొత్త విలువే కనబడింది, డ్రైవరు తీరు మాత్రం మారలేదు. చాలా డ్రైవర్లు ఆ విలువను పరికరం మొదలయ్యేటప్పుడు ఒక్కసారే చదువుతాయి. తర్వాత మీరు మార్చిన సంగతి వాటికి ఎవరూ చెప్పరు. ఇందాకటి ఎన్‌వీఎమ్‌ఈ పారామీటర్ అలాంటిదే. యూఎస్‌బీ ఆటోసస్పెండ్ కూడా అంతే, మార్చాక కొత్తగా గుచ్చిన పరికరాలకే వర్తిస్తుంది. బూట్ వేళ ఇవ్వడానికి ఇంత ప్రాముఖ్యం అందుకే.

ఇంకొకటి, అక్షరదోషం. యూఎస్‌బీకోర్.ఆటోసస్పెండ్ అనే దాంట్లో ఒక అక్షరం తప్పు కొట్టి కమాండ్ లైన్‌లో పెడితే, ఆ డ్రైవరు బిల్ట్-ఇన్ అయితే కెర్నెల్ ఏమంటుంది? ఏమీ అనదు. ఒక్క హెచ్చరిక కూడా రాదు. కారణం ఆలోచిస్తే న్యాయమే. పేరులో చుక్క ఉంది కాబట్టి తర్వాతెప్పుడో లోడ్ కాబోయే మాడ్యూల్‌ది కావచ్చని కెర్నెల్ దాన్ని పక్కన పెడుతుంది. చుక్క లేని తెలియని మాటలైతే, కెర్నెల్ తర్వాత మొట్టమొదట నడిచే ఇనిట్ ప్రోగ్రామ్‌కు అందిస్తుంది. ఇటీవలి కెర్నెళ్లు అలా అందించినవాటి జాబితాను లాగ్‌లో రాస్తాయి కూడా. అందులో బూట్_ఇమేజ్ అని కనబడితే కంగారుపడకండి, అది గ్రబ్ పెట్టేది, మామూలే. విడి మాడ్యూల్ విషయంలో తప్పు పేరిస్తే, ఒకప్పుడు మాడ్యూల్ లోడ్ కావడానికే నిరాకరించేది. ఇప్పుడు లోడ్ అవుతుంది, తెలియని పారామీటర్‌ను వదిలేశానని డీమెసేజ్‌లో, అంటే కెర్నెల్ లాగ్‌లో, ఒక వరస మాత్రం రాస్తుంది. ఆ వరస మీరు చదవకపోతే చెప్పేవాళ్లు లేరు.

డీమెసేజ్ అంటే గుర్తొచ్చింది. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాపుల్లో తెర మిణుకుమంటే ఐ915.ఎనేబుల్_పీఎస్‌ఆర్=0 పెట్టమంటారు. తెర తనను తాను రిఫ్రెష్ చేసుకునే పొదుపు పద్ధతిని అది ఆపుతుంది. పెట్టాక లాగ్‌లో ‘ప్రమాదకరమైన ఆప్షన్ పెట్టారు, కెర్నెల్‌కు టెయింట్ గుర్తు వేస్తున్నాను’ అనే అర్థం వచ్చే వరస పడుతుంది. కంప్యూటర్ పాడైపోతుందని కాదు. ఆ పారామీటర్‌ను డెవలపర్లు లోపాలు వెతకడానికి పెట్టుకున్నారు, దానితో నడిపి బగ్ రిపోర్ట్ చేస్తే ముందు అది తీసేసి చూడమంటారు. నా అభిప్రాయం అడిగితే, ఇలాంటి విలువ పెట్టాక కెర్నెల్ పెద్ద వెర్షన్ మారినప్పుడల్లా ఒకసారి తీసి చూడాలి. బగ్ ఎప్పుడో సరిచేసి ఉండొచ్చు, మీరు మాత్రం ఊరికే బ్యాటరీ ఖర్చు చేస్తుంటారు.

*శ్రోత: మాడ్యూల్‌కు పాస్‌వర్డో, కీనో ఇవ్వాల్సి వస్తే కమాండ్ లైన్‌లో ఇవ్వొచ్చా సార్?*

వద్దమ్మా. ప్రాక్ కింద సీఎండీలైన్ ఫైలును ఆ మెషీన్ మీద ఎవరైనా చదవొచ్చు, రూట్ అక్కర్లేదు. పైగా బూట్ లాగ్‌లో మొట్టమొదటి వరసల్లోనే అది మొత్తం అచ్చవుతుంది. సహాయం కోసం ఆ లాగ్‌ను నలుగురికీ పంపుతాం కూడా. రహస్యాలకు అది చోటు కాదు.

*శ్రోత: గ్రబ్‌లో ఆ అక్షరం నొక్కి ఎవరైనా మార్చొచ్చంటున్నారు. మా కాలేజీ ల్యాబ్‌లో పిల్లలు అలా మార్చేస్తే?*

మారుస్తారు. ఇనిట్=/బిన్/ఎస్‌హెచ్ అని ఒక్క మాట చేర్చితే చాలా మెషీన్లలో పాస్‌వర్డ్ అడక్కుండానే రూట్ షెల్ వస్తుంది. ల్యాబ్‌కైతే గ్రబ్‌కు పాస్‌వర్డ్ పెట్టండి, మామూలుగా బూట్ కావడానికి అడగకుండా, ఎడిట్ చెయ్యడానికే అడిగేలా అమర్చుకోవచ్చు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కాకుండా ఫర్మ్‌వేర్‌లో కూడా కట్టడి చెయ్యండి, లేకపోతే గ్రబ్ పాస్‌వర్డ్ వల్ల లాభం లేదు. సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ ఆన్ చేస్తే చాలా డిస్ట్రోల్లో కెర్నెల్ లాక్‌డౌన్ స్థితిలోకి వెళుతుంది. అప్పుడు ఐఓ పోర్టులు, ఐఆర్‌క్యూల వంటి హార్డ్‌వేర్ చిరునామాలను నేరుగా తీసుకునే మాడ్యూల్ పారామీటర్లను అది తిరస్కరిస్తుంది. లాక్‌డౌన్ 5.4 కెర్నెల్ నుంచి ఉంది. కానీ ఇందాకటి ఇనిట్ మాటను అది ఆపదు. దాన్నీ ఆపాలంటే కెర్నెల్, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్, కమాండ్ లైన్ మూడింటినీ ఒకే ఫైలుగా కలిపి సంతకం చేసే యూనిఫైడ్ కెర్నెల్ ఇమేజ్ పద్ధతి ఉంది. సిస్టమ్‌డీ వాళ్ల స్టబ్‌తో, అంటే ఆ ఇమేజ్‌లో ముందుగా నడిచే చిన్న ప్రోగ్రామ్‌తో, చేస్తే, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నప్పుడు బయటి నుంచి ఇచ్చే కమాండ్ లైన్‌ను అది లెక్కచెయ్యదు. అప్పుడు మీరు కూడా పారామీటర్ మార్చాలంటే ఇమేజ్ మళ్లీ తయారుచేసి, మళ్లీ సంతకం చెయ్యాలి. ల్యాబ్‌లో ముప్ఫై మెషీన్లుంటే అంత శ్రమ పెట్టుకోవాలా అన్నది మీరు, మీ అడ్మిన్ కూర్చుని తేల్చుకోవాలి. మొదట గ్రబ్ పాస్‌వర్డ్, ఫర్మ్‌వేర్ పాస్‌వర్డ్ పెట్టండి. ఆ రెండూ ఈ వారంలోనే అయిపోతాయి.